లా ఫర్మ్‌లో వేధింపులు: భరించడం ఉద్యోగ ధర్మం కాదు

శుక్రవారం సాయంత్రం ఆరున్నర. ఇమ్మిగ్రేషన్ కేసులు చూసే ఒక చిన్న లా ఆఫీసు. ప్రభుత్వం అడిగిన అదనపు పత్రాలు పంపాల్సిన గడువును అటార్నీ గారు మర్చిపోయారు. తేదీ దాటిపోయింది. ఆయన తన గదిలోంచి బయటికి వచ్చి, పారాలీగల్‌గా పనిచేస్తున్న మన తెలుగు అమ్మాయి బల్ల మీదికి అందరి ముందూ ఫైలు విసిరికొట్టారు. "బుర్ర ఉందా నీకు? ఆ డిగ్రీ ఎక్కడ కొన్నావ్?" అని అరిచారు. పది నిమిషాల తర్వాత కాస్త చల్లబడి, "క్లయింటుకి ఈమెయిల్ పెట్టు. ఆలస్యం యూఎస్‌సీఐఎస్ వైపు నుంచే జరిగిందని రాయి" అన్నారు. ఆమె అలాగే రాసింది. ఇంటికి వచ్చేసరికి ఇండియా నుంచి అమ్మ ఫోను. "ఎలా ఉందే ఉద్యోగం?" "బాగానే ఉందమ్మా."

ఇది ఫలానా ఒకరి కథ కాదు, ఊహించి రాసిందే. అయినా చదువుతున్నవారిలో కొందరికి తమ ఆఫీసు గుర్తొచ్చే ఉంటుంది. ఇందులో రెండు తప్పులున్నాయి. ఒకటి అందరి కళ్ళ ముందూ జరిగిన అవమానం. రెండోది ఎవరికీ కనిపించనిది, క్లయింటుకు చెప్పిన అబద్ధం. మొదటిది జరిగింది కాబట్టే రెండోది అంత తేలిగ్గా జరిగిపోయింది. భయపడిన మనిషి ఎదురు ప్రశ్న వేయదు. లా ఫర్మ్‌లో వేధింపును కేవలం "బాస్ కోపిష్టి" అని కొట్టిపారేయకూడదు అనడానికి కారణం ఇదే.

మీరొక్కరే కాదు

2024 అక్టోబరులో ఇల్లినాయ్ సుప్రీంకోర్టుకు చెందిన ప్రొఫెషనలిజం కమిషన్ ఒక అధ్యయనం విడుదల చేసింది. ఆ రాష్ట్రంలోని 6,000 మందికి పైగా లాయర్లు అందులో పాల్గొన్నారు. గడచిన ఏడాదిలో తాము వేధింపుకు గురయ్యామని 24 శాతం మంది చెప్పారు. మగవాళ్ళలో ఇది 15 శాతమైతే, ఆడవాళ్ళలో 38 శాతం. తెల్లజాతి లాయర్ల కంటే నల్లజాతి, లాటినో, ఆసియా లాయర్లలో ఎక్కువ. ఆఫీసులో ఫిర్యాదు చేసినవారు మాత్రం ఐదుగురిలో ఒకరే.

అంతకు ముందు, 2019లో ఇంటర్నేషనల్ బార్ అసోసియేషన్ 135 దేశాల్లో దాదాపు ఏడు వేల మందిని అడిగింది. ఈ వృత్తిలో ఉన్న ప్రతి ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరు, ప్రతి ముగ్గురు మగవాళ్ళలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు వేధింపు చవిచూశారని తేలింది. చట్టం చదివినవాళ్ళు, రోజూ ఇతరుల హక్కుల కోసం వాదించేవాళ్ళు, తమ దగ్గరకు వచ్చేసరికి నోరు మెదపలేకపోతున్నారు.

లా ఫర్మ్‌లోనే ఎందుకింత? అక్కడి లెక్క వేరు. క్లయింట్లను తెచ్చే పార్ట్‌నరే ఫర్మ్‌కు ఆదాయం తెస్తాడు. అతన్ని మందలిస్తే క్లయింట్లతో సహా ఇంకో ఫర్మ్‌కు వెళ్ళిపోతాడని భయం. కింద ఉన్న అసోసియేట్ ఏడాదికి ఇన్ని గంటలు బిల్లు చేయాలన్న లక్ష్యంతో పరుగెడుతూ ఉంటుంది. ఏ పని ఎవరికి ఇవ్వాలో, బోనస్ ఎవరికో, ఎవరు పైకి వెళ్ళాలో ఆ పార్ట్‌నరే తేలుస్తాడు. పారాలీగల్, లీగల్ అసిస్టెంట్, రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి ఈ నిచ్చెనలో ఇంకా కింద.

కటువుగా తప్పు దిద్దడం వేరు, వేధింపు వేరు. "ఈ బ్రీఫ్ బాగాలేదు, రేపటికి మళ్ళీ రాయి" అనడం కష్టంగా ఉన్నా అది పనే. పదే పదే అందరి ముందూ కించపరచడం, ముఖ్యమైన సమాచారం చెప్పకుండా దాచి తర్వాత తప్పు పట్టడం, చేసిన పనికి పేరు తీసేయడం, అర్ధరాత్రి పని అప్పగించి తెల్లారేసరికి తిట్టడం, యాసను వెక్కిరించడం, మీటింగులకు పిలవకుండా ఒంటరిని చేయడం, ఇవి వేధింపు. తప్పు దిద్దితే పని మెరుగవుతుంది. వేధిస్తే మనిషి కుంగిపోతుంది.

మన మీద పడే అదనపు బరువు

2018లో అమెరికన్ బార్ అసోసియేషన్ ప్రచురించిన ఒక సర్వేలో, తెల్లజాతివారు కాని మహిళా లాయర్లలో సగానికి పైగా ఒక మాట చెప్పారు. తమను చూసి లాయర్ అనుకోకుండా ఆఫీసు స్టాఫ్ అనో, కోర్టు ఉద్యోగి అనో, శుభ్రం చేసే మనిషి అనో పొరబడ్డారట. తెల్లజాతి మగ లాయర్లలో ఈ అనుభవం నూటికి ఏడుగురికే. ప్రతిరోజూ మళ్ళీ మొదటి నుంచీ తనను నిరూపించుకోవాల్సిన మనిషికి ఎదురు చెప్పే ధైర్యం ఎక్కడిది?

దాని మీద వీసా. "నీ పిటిషన్ నా చేతిలో ఉంది" అన్న మాట బయటికి అనకపోయినా గదిలో తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ కొన్ని లెక్కలు తెలిసి ఉంటే సగం భయం తగ్గుతుంది. హెచ్1బీ మీద ఉన్నవారి ఉద్యోగం పోతే 60 రోజుల వరకూ గడువు ఉంటుంది, ఐ94 తేదీ అంతకంటే ముందే ముగిస్తే ఆ తేదీ వరకే. ఈలోగా కొత్త యజమాని పిటిషన్ వేయవచ్చు. భర్తకు హెచ్1బీ ఉంటే హెచ్4కు మారడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎల్ఎల్ఎం తర్వాత ఓపీటీ మీద ఉన్నవారికి ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. హెచ్4 ఈఏడీ మీద పనిచేసేవారి సంగతి వేరు. ఆ అనుమతి ఏ ఒక్క యజమానికీ ముడిపడి లేదు. ఆ ఉద్యోగం మానేస్తే జీతం పోతుంది కానీ స్టేటస్ పోదు. ఈ ఒక్క విషయం తెలియక ఏళ్ళ తరబడి తిట్లు తింటూ కూర్చున్నవాళ్ళు ఉంటారు.

ఇంకొకటి మనం బయటికి మాట్లాడుకోనిది. కొన్నిసార్లు ఆ బాస్ మనవాడే. గుడిలో కనిపిస్తాడు, ఉగాది సంబరాలకు స్పాన్సర్. "చెల్లెమ్మా" అంటూ ఉద్యోగంలోకి తీసుకుంటాడు, తర్వాత ఆ చెల్లెమ్మ చేతే శనాదివారాలు కూడా జీతం లేకుండా పని చేయిస్తాడు. ఫిర్యాదు చేస్తే కమ్యూనిటీలో ఏమనుకుంటారోనని ఇంట్లోవాళ్ళే "సర్దుకుపో" అంటారు. వరస కలిపి పిలిచినంత మాత్రాన యజమాని బాధ్యత తగ్గదు. గంటల లెక్కన జీతం తీసుకునేవారికి వారానికి 40 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలన్నది ఫెడరల్ చట్టం. పిలిచే పిలుపును బట్టి అది మారదు.

చట్టం ఎంతవరకు అండగా ఉంటుంది?

ఇండియాలో పనిచేసి వచ్చినవారికి 2013 నాటి పోష్ చట్టం, ఆఫీసులో అంతర్గత కమిటీ తెలుసు. అమెరికాలో దానికి అచ్చంగా సరిపోయేది లేదు. అంతకంటే ఆశ్చర్యం, వట్టి వేధింపును నిషేధించే ఫెడరల్ చట్టమే లేదు. సఫక్ యూనివర్సిటీ లా ప్రొఫెసర్ డేవిడ్ యమడ ఇందుకోసం ఒక నమూనా బిల్లు రాశారు. 2003లో కాలిఫోర్నియాతో మొదలుపెట్టి అది చాలా రాష్ట్రాల శాసనసభల ముందుకు వెళ్ళింది కానీ ఎక్కడికక్కడ ఆగిపోతూ వచ్చింది. అమెరికా పరిధిలో ప్యూర్టోరికో మాత్రం 2020లో అలాంటి చట్టం చేసుకుంది.

కాబట్టి "బాస్ అందరినీ తిడతాడు" అంటే ఫెడరల్ చట్టం చేతులెత్తేస్తుంది. ఆ వేధింపు మీ జాతి, రంగు, మతం, పుట్టిన దేశం, ఆడపిల్ల కావడం, గర్భం, వయసు, వైకల్యం లాంటి వాటి వల్ల జరుగుతుంటే అప్పుడు చట్టం తలుపు తెరుచుకుంటుంది. యాసను వెక్కిరించడం, "మీ దేశంలో ఇలాగే చేస్తారా" అనడం, ప్రసూతి సెలవు నుంచి వచ్చాక పని లాగేసుకోవడం లాంటివి అందులోకి రావచ్చు. 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని టైటిల్ సెవెన్ 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట వర్తిస్తుంది. చిన్న ఆఫీసు అయితే రాష్ట్ర చట్టం చూడాలి. కాలిఫోర్నియాలో ఒక్క ఉద్యోగి ఉన్నా హరాస్‌మెంట్ నిబంధన వర్తిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రం 2019లో తన చట్టాన్ని సవరించి, వేధింపు తీవ్రంగానో విస్తృతంగానో ఉండి తీరాలన్న పాత షరతును తీసేసింది.

ఈఈఓసీకి ఫిర్యాదు చేయడానికి గడువు 180 రోజులు. వివక్షను నిషేధించే చట్టం, దాన్ని అమలు చేసే సంస్థ ఉన్న రాష్ట్రాల్లో 300 రోజులు. "ఈ ప్రాజెక్టు అయిపోనీ, బోనస్ వచ్చాక చూద్దాం" అనుకుంటూ ఉండగానే ఆ రోజులు గడిచిపోతాయి.

వృత్తి ధర్మం అనే రెండో తలుపు

లా ఫర్మ్‌కు మిగతా కంపెనీలకు లేని ఒక కట్టుబాటు ఉంది. లాయర్ లైసెన్స్ ప్రవర్తనా నియమావళికి లోబడి ఉంటుంది. అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాలు రాస్తే, ఒక్కో రాష్ట్రం వాటిని తన పద్ధతిలో తీసుకుంటుంది. 2016లో చేర్చిన 8.4(జి) నియమం జాతి, లింగం వంటి కారణాలతో వృత్తిలో వేధించడాన్ని దుష్ప్రవర్తనగా పేర్కొంది. న్యూయార్క్ 2022లో, ఇల్లినాయ్ 2024లో తమ తమ రూపంలో అలాంటి నియమం తెచ్చుకున్నాయి. టెక్సస్ అటార్నీ జనరల్ మాత్రం ఆ నమూనా నియమం రాజ్యాంగ విరుద్ధమని 2016లోనే అభిప్రాయం ఇచ్చారు. అందుకే మీ రాష్ట్ర నియమం ఏమిటో చూసుకోవాలి.

ఫర్మ్‌లో అందరూ నియమాలు పాటించేలా చూడాల్సిన బాధ్యత పార్ట్‌నర్లదని 5.1 చెబుతుంది. పారాలీగల్ లాంటి సిబ్బంది చేసే పనికి లాయరే బాధ్యుడని 5.3 చెబుతుంది. "పైవాడు చెప్పాడు, నేను చేశాను" అన్నంత మాత్రాన జూనియర్ లాయర్ బయటపడలేదని 5.2 చెబుతుంది. సందేహానికి తావున్న విషయంలో సీనియర్ తీసుకున్న సహేతుకమైన నిర్ణయాన్ని అనుసరిస్తే తప్పు లేదు. క్లయింటుకు అబద్ధం చెప్పడంలో మాత్రం సందేహానికి తావే లేదు.

ఈ రెండూ, అంటే వేధింపూ వృత్తి ధర్మమూ, ఒకే చోట ముడిపడిన కేసు న్యూయార్క్‌లో ఉంది. హోవర్డ్ వీడర్ అనే అసోసియేట్ 1987లో తాను కొనుక్కుంటున్న కాండో వ్యవహారం చూడమని తన ఫర్మ్‌నే అడిగాడు. ఆ పని అప్పగించిన సహోద్యోగి దాన్ని నెలల తరబడి పక్కన పడేసి, అంతా సవ్యంగా సాగుతోందని అబద్ధాలు చెప్పాడు. ఆరా తీస్తే ఇతర క్లయింట్ల విషయంలోనూ అదే వరస అని తెలిసింది. క్రమశిక్షణా సంఘానికి తెలియజేయాలని వీడర్ పట్టుబట్టాడు. తెలియజేస్తే ఉద్యోగం పోతుందని పార్ట్‌నర్లు సూచించారు. చివరికి ఫర్మే ఫిర్యాదు పంపింది కానీ, తమ చేత ఆ పని చేయించినందుకు వీడర్‌ను నిత్యం దుమ్మెత్తిపోశారని ఆయన ఆరోపణ. ఫర్మ్‌కు అతి ముఖ్యమైన కేసు ఆయన చేతిలో ఉంది కాబట్టి ఉంచారట. 1988 మార్చిలో ఆ కేసు కాగితాలు కోర్టులో వేసిన కొద్ది రోజులకే తీసేశారు.

కింది కోర్టులు ఆయన దావాను కొట్టేశాయి. ఎప్పుడైనా, ఏ కారణానికైనా తీసేయగల ఉద్యోగం అన్నది అమెరికాలో పాత సూత్రం. కానీ 1992 డిసెంబరులో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం, ఒక ఫర్మ్ లాయర్‌ను ఉద్యోగంలో పెట్టుకున్నప్పుడు ఇద్దరూ వృత్తి నియమాలు పాటిస్తారన్న ఒప్పందం రాయకుండానే ఉంటుందని తేల్చింది. నియమం పాటించినందుకు తీసేయడం ఆ ఒప్పందాన్ని ఉల్లంఘించడమేనంటూ దావాకు దారి ఇచ్చింది.

ఇల్లినాయ్‌లో కథ వేరేలా నడిచింది. 1988లో అక్కడి సుప్రీంకోర్టు, ఇంకొక లాయర్ క్లయింటు డబ్బు కాజేసిన సంగతి తెలిసీ చెప్పనందుకు జేమ్స్ హిమ్మెల్ అనే లాయర్‌ను ఏడాది పాటు సస్పెండ్ చేసింది. అదే కోర్టు 1998లో, ఫర్మ్ చేస్తున్న తప్పును ఎత్తిచూపినందుకు ఉద్యోగం పోయిన అసోసియేట్‌కు ఆ కారణంతో నష్టపరిహార దావా వేసే హక్కు లేదంది. చెప్పకపోతే లైసెన్స్‌కు ముప్పు, చెబితే ఉద్యోగానికి ముప్పు. అందుకే ఎవరో ఫేస్‌బుక్ గ్రూపులో చెప్పింది విని అడుగు వేయకండి. న్యూయార్క్‌లో మీ స్నేహితురాలికి పనిచేసిన దారి నేపర్‌విల్‌లో మీకు పనిచేయకపోవచ్చు.

అందరూ మౌనంగా ఉంటే చివరికి నష్టపోయేది ఎవరు? లాస్ ఏంజెలెస్‌లో పేరు మోసిన టామ్ జిరార్డీ మీద 40 ఏళ్ళలో స్టేట్ బార్‌కు 205 ఫిర్యాదులు వచ్చాయి. 2018లో ఇండోనేషియాలో కూలిన లయన్ ఎయిర్ విమాన మృతుల కుటుంబాలకు చేరాల్సిన సెటిల్‌మెంట్ డబ్బు చేరలేదన్న సంగతి 2020 డిసెంబరులో షికాగో ఫెడరల్ కోర్టులో బయటపడింది. బయటపెట్టింది ఆయనతో కలిసి ఆ కేసు చూసిన వేరే ఫర్మ్. 2024లో లాస్ ఏంజెలెస్ జ్యూరీ వేరే క్లయింట్ల డబ్బు కాజేసినందుకు జిరార్డీని దోషి అని తేల్చింది. మరుసటి ఏడాది ఏడేళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. సాటి లాయర్ ఘోరమైన తప్పు చేస్తే తెలియజేయాలన్న నియమం అంతవరకూ లేని కాలిఫోర్నియా, ఈ దెబ్బతో 2023 ఆగస్టు నుంచి దాన్ని అమల్లోకి తెచ్చింది.

రేపు ఉదయం నుంచి ఏం చేయవచ్చు?

మొదట రాసుకోండి. తేదీ, సమయం, ఎవరెవరున్నారు, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా. ఆఫీసు కంప్యూటర్‌లో కాదు, ఇంట్లో మీ సొంత నోట్‌బుక్‌లో. మీ అంచనాలూ బాధా వేరే పేజీలో రాసుకోండి.

క్లయింటు కాగితాలు ఇంటికి పంపుకోకండి. ఆధారం కోసమని ఆఫీసు ఈమెయిల్స్‌ను సొంత జీమెయిల్‌కు ఫార్వర్డ్ చేస్తే, వేధించినవాడు తప్పించుకుని మీరు దొరికిపోతారు. క్లయింటు రహస్యం కాపాడడం ఫర్మ్ మొత్తానికి వర్తించే నియమం. మీ పనితీరు మీద వచ్చిన రివ్యూలు, జీతం కాగితాలు, ఆఫర్ లెటర్ లాంటివి వేరు.

ఫోనులో రికార్డు చేసే ముందు ఆగండి. న్యూయార్క్, న్యూజెర్సీ, టెక్సస్‌లలో మాట్లాడుతున్నవారిలో ఒకరి అంగీకారం చాలు. కాలిఫోర్నియా, ఇల్లినాయ్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఆంతరంగిక సంభాషణకు అందరి అంగీకారం కావాలి. తెలియక చేసినా అది నేరం కావచ్చు.

తప్పు పని చేయమన్నప్పుడు గొడవ పడనక్కర్లేదు, ప్రశ్నగా మార్చి రాతలో పెట్టండి. మొదట్లో చెప్పిన ఆ అమ్మాయి అదే సాయంత్రం అటార్నీకి ఇలా రాసి ఉండవచ్చు: "గడువు ఫలానా తేదీన ముగిసినట్టు మన క్యాలెండర్‌లో ఉంది. క్లయింటుకు పంపే ఈమెయిల్‌లో కారణం ఏమని రాయాలో మీరే రాసిస్తే పంపుతాను." ఇందులో అమర్యాద లేదు. అబద్ధం రాసే బాధ్యత మాత్రం ఎవరిదో వారి దగ్గరికే వెళ్ళింది.

హెచ్ఆర్ మీ లాయర్ కాదు. హెచ్ఆర్‌కు చెప్పాలి, రాతలో చెప్పాలి, ఎందుకంటే చెప్పిన రికార్డు తర్వాత అవసరం. అయినా మీ తరఫున ఆలోచించేది మీరు పెట్టుకున్న ఎంప్లాయ్‌మెంట్ లాయరే. రాజీనామా చేసే ముందు, సెవరెన్స్ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక్క గంట డబ్బిచ్చి మాట్లాడండి. వీసా ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో కూడా, కానీ మీ ఫర్మ్‌కు సంబంధం లేని వ్యక్తితో.

మీరు లాయర్ అయితే చాలా రాష్ట్రాల బార్‌లు నడిపే ఎథిక్స్ హాట్‌లైన్‌కు ఫోన్ చేసి, మీరేం చేయాలో గోప్యంగా అడగవచ్చు. నిద్ర పట్టకపోయినా, ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ మొదలైనా లాయర్స్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. వాటి సేవలూ గోప్యమే. సౌత్ ఏషియన్ బార్ అసోసియేషన్ శాఖల్లో మీ దారిలో ముందు నడిచిన అక్కలు దొరుకుతారు. లాయర్ కాకపోయినా, లాయర్ తప్పు చేస్తే ఫిర్యాదు చేసే హక్కు అందరికీ ఉంది. కాలిఫోర్నియాలో స్టేట్ బార్, ఇల్లినాయ్‌లో ఏఆర్‌డీసీ అవి స్వీకరిస్తాయి.

వీసా పేరు చెప్పి బెదిరిస్తే ఆ మాట కూడా రాసి పెట్టుకోండి. హెచ్1బీ జీతం, పని షరతుల ఉల్లంఘన మీద లేబర్ డిపార్ట్‌మెంట్‌కు ఫిర్యాదు చేసినందుకు పగ తీర్చుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. కాలిఫోర్నియాలో అయితే, ఉద్యోగ హక్కు కోసం కేసు వేసినవారినో వారి కుటుంబాన్నో ఇమ్మిగ్రేషన్ స్టేటస్ బయటపెడతానని బెదిరించిన లాయర్ మీద బార్ చర్య తీసుకోవచ్చు.

ఇంట్లోవాళ్ళకూ, సీనియర్లకూ

ఇంట్లో భార్యో కూతురో కోడలో ఆఫీసు సంగతి చెప్పబోతే "అన్ని చోట్లా ఇంతే" అని మధ్యలో ఆపేయకండి. చివరిదాకా వినండి. తర్వాత ఆమెతో కూర్చుని రెండు లెక్కలు వేయండి: ఆ జీతం లేకుండా ఎన్ని నెలలు గడుస్తుంది, స్టేటస్ దేని మీద ఆధారపడి ఉంది. ఈ రెండూ కాగితం మీద పెట్టాక ఆఫీసులో ఆమె మాట్లాడే తీరే మారుతుంది. వెళ్ళిపోగలనని తెలిసిన మనిషికి నిలబడడం కూడా చేతనవుతుంది.

ఈ వృత్తిలో పైకి వెళ్ళిన మన ఆడవాళ్ళు ఇప్పుడు తక్కువేమీ కాదు. విజయవాడలో పుట్టిన జయ బాడిగ 2024లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జిగా నియమితులై, ప్రమాణ స్వీకారం రోజున తెలుగులో పలకరించినప్పుడు మనమందరం ఆ వీడియో పంచుకున్నాం. ఆ సంతోషం నిజమే. ఫర్మ్‌లలో సీనియర్ అసోసియేట్లుగా, పార్ట్‌నర్లుగా, సొంత ఆఫీసు యజమానులుగా ఉన్న మీ మీద మాత్రం ఇంకొక బాధ్యత ఉంది. "మేమూ ఇలాగే నేర్చుకున్నాం" అని మీరు తిన్న తిట్లను కిందివారికి వడ్డించకండి. పక్క గదిలో అరుపు వినిపిస్తే తలుపు వేసుకోకండి. మర్నాడు ఆ అమ్మాయిని కాఫీకి పిలిచి, "నిన్న నేను విన్నాను. నువ్వు ఫిర్యాదు చేస్తే నేను విన్నది చెబుతాను" అనండి. ఐదుగురిలో నలుగురు ఆఫీసులో ఫిర్యాదు చేయడం లేదని ఇల్లినాయ్ అధ్యయనం చెబుతోంది. ఆ నలుగురిలో ఒకరికైనా సాక్షి దొరుకుతుంది.